మెట్లెన్ని?

మీరు సినిమాకి బయలుదేరే ముందు ఏమేం అడుగుతారు? హీరో ఎవరు, పాటలెలా ఉన్నాయి, ఫైట్లెన్ని, టిక్కెట్టు దొరుకుతుందా... అంతేగా! నాకు తెలిసిన ఓ కుటుంబం మాత్రం ఇవన్నీ తరువాత అడుగుతుంది. వాళ్ళ మొదటి ప్రశ్న ఒక్కటే: "ఆ హాలుకి మెట్లెన్ని?"

హాస్యమాడుతున్నాననుకోకండి. ఈ వారం కబుర్లన్నీ ఆ ప్రశ్న చుట్టూనే.

శ్రీసిటీ పేరు మీరు వినే ఉంటారు. చెన్నైకి ఉత్తరాన యాభై అయిదు కిలోమీటర్ల దూరంలో, సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో 2008లో మొదలైన పారిశ్రామిక నగరం. ఒకప్పుడు చిత్తూరు జిల్లా, 2022 నుంచి తిరుపతి జిల్లా. నా మిత్రుడొకడు అక్కడో కర్మాగారంలో షిఫ్టు సూపర్‌వైజరు. నన్ను "అన్నా" అంటాడు కనుక అతని పిల్లలకి నేను పెద్నాయనని. ఇద్దరూ మగపిల్లలే. పెద్దాడికి పధ్నాలుగు, చిన్నాడికి పదకొండు. ఇద్దరూ చక్రాల కుర్చీల్లోనే.

జబ్బు పేరు డుషెన్ మస్కులర్ డిస్ట్రఫీ. నోరు తిరగని పేరు కదూ? ఒంట్లో కండరాలు ఏడాదికేడాది బలం కోల్పోతూ వస్తాయి. దాదాపు ఎప్పుడూ మగపిల్లలకే వస్తుంది. చిన్నప్పుడు మామూలుగా నడిచిన పిల్లలే పది పన్నెండేళ్ళకి కుర్చీలో కూర్చుంటారు. మందులతో ఆ వేగం కొంత తగ్గించవచ్చు గానీ పూర్తిగా ఆపే దారి లేదు.

"సినిమా పత్రికలో ఈ వైద్యం పేజీ ఏమిటయ్యా?" అంటారేమో. కాస్త ఆగండి. ఆ ఇద్దరూ మీలాంటి సినిమా పిచ్చోళ్ళే! ఏ చిత్రం ఏ ఊళ్ళో ఎన్ని రోజులాడిందో పెద్దాణ్ణి అడగాలి. ఏ హీరో ఏ చేత్తో కాలరెగరేస్తాడో చిన్నాణ్ణి అడగాలి. తీరా హాల్లో సినిమా చూసిందెన్నిసార్లంటే వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

పోయిన ఏడాది సంక్రాంతికి మావాడు అత్తగారి ఊళ్ళో ఓ హాలుకి తీసుకెళ్ళాడట. ఊరి పేరూ, హాలు పేరూ మనకెందుకు లెండి. పదకొండు మెట్లు. పెద్దాణ్ణి తండ్రి ఎత్తుకున్నాడు, చిన్నాణ్ణి మేనమామ వీపున వేసుకున్నాడు. కుర్చీలు రెండూ సైకిల్ స్టాండులో! గేటు దగ్గర మనిషి మంచివాడే, "అయ్యో పాపం, ఈ బిడ్డలకి టిక్కెట్టెందుకులే సామీ" అన్నాడట. పెద్దాడు తండ్రి భుజం మీద నుంచే, "టిక్కెట్టు తీసుకోండన్నా, సీటియ్యండి" అన్నాడట. సీటయితే ఇచ్చారు. ముందు వరుసలో, తెరకి ముక్కు తగిలేంత దగ్గర. అమ్మా నాన్నా ఎక్కడో వెనక. మెడ నిలబెట్టే బలం తక్కువైన కుర్రాడు మూడు గంటలు తల పైకెత్తి సినిమా చూడాలంటే ఎలా చెప్పండి? ఇంటర్వెల్లోనే లేచొచ్చేశారు.

"పండగలు మళ్ళీ రావా, వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాను నేను ఆ సంగతి విని.

మావాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నాడు: "అందరూ అదే మాటంటారన్నా. పోయినేడు పెద్దోడు ఈల వెయ్యడానికి చెయ్యి నోటికాడికి ఎత్తేవోడు. ఈ యేడు మోచెయ్యి బల్ల మీద ఆనిస్తే గానీ లెయ్యదు. వచ్చే యేడు ఎట్లుంటాడో నాకు తెల్దు. మాకు వచ్చే పండగ అంటే అదే పండగ కాదన్నా."

అందుకే మొన్నటి సంక్రాంతికి నేనే శ్రీసిటీ వెళ్ళాను.

కనుమ నాడు ప్రయాణమంటే ఇంట్లో అవ్వ ఒప్పుకోలేదు. "కనుమ నాడు కాకి కూడా కదలదు. ఈ బండ్లేసుకోని యాడికిరా?" అంది. చిన్నాడు ఊరుకుంటాడా! "కాకి కదలదు గానీ అవ్వా, కొంగలు వచ్చుండాయంట, చూసొద్దాం పా" అన్నాడు. అవ్వ నవ్వింది. పులిహోర, మురుకులు మూటకట్టి తనే ముందు వ్యానెక్కి కూర్చుంది.

ఎక్కడికెళ్ళాలన్నది ముందు రోజు రాత్రే పెద్ద చర్చ అయింది. ఉబ్బలమడుగు దగ్గరే, నీళ్ళూ అడవీ చూడముచ్చటగా ఉంటాయి గానీ రాళ్ళ మీద నడక. కుదరదు. నేలపట్టులో గూడబాతులు చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచే కాలమిది, కానీ వాచ్ టవరంటే మళ్ళీ మెట్లే. చివరికి పులికాట్ ఖాయమైంది. ఎందుకో తెలుసా? సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకి పోయే రోడ్డు సరస్సు మధ్యగా వెళుతుంది. రెండు పక్కలా నీళ్ళు, నీళ్ళలో పక్షులు. బండి దిగనక్కరలేదు, మెట్టెక్కనక్కరలేదు. చిలకా తరువాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. శీతాకాలంలో వేల మైళ్ళు ఎగిరొచ్చిన పక్షులెన్నో అక్కడ దిగుతాయి. ఈ పక్షుల కోసమే సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగ కూడా జరుపుతుంటారు.

వ్యాను రోడ్డు పక్కన ఆగింది. మావాడు కర్మాగారంలో పనికిరాని ఇనప రేకులతో తనే చేసుకున్న రెండు పలకలు వెనక తలుపుకి ఆనించాడు. కుర్చీలు ఒకదాని వెనక ఒకటి మెల్లగా కిందికి దిగాయి. ఎదురుగా నీళ్ళలో గులాబీ రంగు పులిమినట్టు ఫ్లెమింగోల బారు! తల తలకిందులుగా నీళ్ళలో ముంచి ముక్కుతో జల్లెడ పడుతున్నాయి. అవి తినే నాచులోనూ, రొయ్య పిల్లల్లోనూ ఉండే రంగే ఆ రెక్కలకి వస్తుందని పెద్దాడు నాకు పాఠం చెప్పాడు. వాటి పిల్లలు బూడిద రంగులో ఉంటాయట.

ఓ పక్షి ఒంటికాలి మీద నిలబడి ఉంది. చిన్నాడు దాన్నే చాలాసేపు చూశాడు. "పెద్నాయనా, అది ఒక్క కాలి మీద నిలబడుండాది కదా, దాన్ని చూసి ఎవురూ అయ్యో పాపం అనరే?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. పులిహోర పొట్లం విప్పాను.

అప్పుడు గమనించాను, పెద్దాడు పులిహోర తిన్నాడు గానీ నీళ్ళు ముట్టలేదు. ఎండెక్కుతోంది, తాగరా అంటే తల అడ్డంగా ఊపాడు. వాళ్ళమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది: "బయటికి పోయే రోజు పొద్దున్నుంచి వాడు నీళ్ళు తాగడు బావా. యాడా వీల్‌చైర్ పట్టే బాత్రూము ఉండదు గదా. పధ్నాలుగేండ్ల పిలగోడు, అమ్మ ఎత్తుకోని పోతే సిగ్గుపడతాడు." విహారయాత్ర అంటే మనం తిండి లెక్క చూసుకుంటాం, పెట్రోలు లెక్క చూసుకుంటాం. ఆ పిల్లవాడు గుక్కెడు నీళ్ళ లెక్క చూసుకుంటున్నాడు. ఈ ఒక్క మాట మీ చెవిన వెయ్యడానికయినా ఈ వారం కాలమ్ రాయాలనిపించింది.

అలా అని ఎక్కడా ఏమీ లేదనుకోకండి. శ్రీసిటీ నుంచి రెండు గంటల దూరంలో చెన్నై మెరీనా ఉంది. 2022 నవంబరు 27న అక్కడ ఇసక మీద చెక్కలతో దారి వేసి తెరిచారు. పొడవు 263 మీటర్లు. చక్రాల కుర్చీ ఇసకలో కూరుకుపోకుండా నేరుగా అలల దగ్గరిదాకా వెళ్ళొచ్చు. రెండు వారాలు తిరక్కుండానే మాండూస్ తుపాను ఆ దారిని చెడగొట్టింది. మళ్ళీ బాగు చేశారు. 2023 వేసవిలో మావాళ్ళు అక్కడికెళ్ళారు. సముద్రాన్ని అంత దగ్గరగా పిల్లలు చూడటం అదే మొదటిసారి. ఇంకా దూరం పోతే అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం, శాన్ ఆంటోనియోలో ఓ తండ్రి తన కూతురి కోసం 2010లో మోర్గాన్స్ వండర్‌లాండ్ అనే ఉద్యానవనమే తెరిచాడు. అక్కడ చక్రాల కుర్చీతో సహా ఎక్కే ఉయ్యాల ఉంది, రంగులరాట్నం ఉంది.

అంతదూరమెందుకు? శ్రీసిటీలోనే ఆల్‌స్టామ్ కర్మాగారం మెట్రో రైలు బోగీలు చేస్తుంది. కొచ్చి మెట్రోకి మొదటి రైలు 2016 జనవరిలో ఇక్కడి నుంచే బయలుదేరింది. ఆ బోగీల్లో చక్రాల కుర్చీ నిలుపుకోవడానికి చోటుంటుంది. ప్లాట్‌ఫారమూ, బోగీ నేలా ఒకే మట్టంలో ఉండి కుర్చీ దొర్లుకుంటూ లోపలికి వెళ్ళిపోతుంది. కొచ్చిలో పిల్లవాడికి మెట్టు లేకుండా చేసే పనితనం మన ఊళ్ళోనే ఉందన్నమాట! మన ఊరి సినిమా హాలు మెట్ల దగ్గరికొచ్చేసరికి ఆ పనితనం ఏమవుతోంది?

సరే, హాలు సంగతికొద్దాం. మ్యాట్నీకి వెళ్ళాలని ముందే అనుకున్నాం. రోడ్డు పక్కనే వ్యానులో కూర్చుని ఫోన్లు మొదలుపెట్టాను. మొదటి హాలు వారిని మెట్లెన్నని అడిగితే "ఎప్పుడూ లెక్కపెట్టలేదు సార్" అన్నారు. రెండో హాలు వారు "లిఫ్టుంది సార్, ధైర్యంగా రండి" అన్నారు. మావాడు అనుభవశాలి కదా, "లిఫ్టు దిగినాక సీటుదాకా?" అని అడగమన్నాడు. అడిగాను. లోపలన్నీ మెట్లేనట! మూడో హాల్లో ఫోనెత్తిన మేనేజరు కుర్రవాడు మాత్రం ఎదురు ప్రశ్న వేశాడు: "కుర్చీల వెడల్పెంత సార్?"

ఆ ఒక్క ప్రశ్నతో సగం పని అయిపోయిందనిపించింది.

అక్కడ చివరి వరుస, తలుపు ఒకే మట్టంలో ఉన్నాయి. మేం వెళ్ళేసరికి ఆ వరుస కొసన మూడు సీట్లు బోల్టులు ఊడదీసి పక్కన పెట్టించాడు. బయట ఉన్న మూడు మెట్లకి మావాడి ఇనప పలకలు పొట్టివయిపోయాయి. మేనేజరూ, స్టాండు కుర్రాళ్ళిద్దరూ, పిల్లల్ని అడిగి, కుర్చీలు పట్టి మెల్లగా పైకి చేర్చారు. కుర్చీలు నడవాలో కాకుండా వరుసలోనే ఇమిడాయి కనుక ఎవరి దారికీ అడ్డం లేదు. పిల్లల పక్కన అమ్మ, అమ్మ పక్కన నాన్న, ఆ పక్కన అవ్వ, నేను. అందరం ఒకే వరుసలో! పెద్దాడు అడక్కుండానే మేనేజరు ఇద్దరికీ టిక్కెట్లు చించి చేతిలో పెట్టాడు. ఆ సగం ముక్కని వాడు జేబులో ఎంత భద్రంగా దాచుకున్నాడనీ!

హీరో ఎంట్రీ వచ్చింది. ఇంకేముంది, హాలంతా లేచి నిలబడింది. ఈలలు, కాగితాలు, డాన్సులు. మా వరుసలో ఇద్దరికి మాత్రం కనిపించినవి వీపులే. పెద్దాడి ముఖం వాడిపోవడం చీకట్లో కూడా తెలిసింది. ఇంతలో ముందు వరుసలో ఎగురుతున్న ఓ కుర్రాడు యథాలాపంగా వెనక్కి తిరిగాడు. చూశాడు. వెంటనే గొంతెత్తి, "ఒరేయ్, పక్కకి రాండ్రా! ఎనక అబ్బోళ్ళకి కనపళ్ళా!" అని అరిచాడు. పదిమంది నవ్వుకుంటూ పక్కకి జరిగి అక్కడ ఎగరడం మొదలుపెట్టారు. వాళ్ళ ఆనందం తగ్గలేదు, వీళ్ళ ఆనందం మొదలైంది. చిన్నాడు దాచుకొచ్చిన కాగితం ముక్కలు గాల్లోకి విసిరితే అవి వెళ్ళి అన్న నెత్తిన పడ్డాయి. వాళ్ళమ్మ పెద్దాడి మోచేతి కింద తన చెయ్యి పెట్టి మెల్లగా పైకెత్తింది. వాడి వేళ్ళు పెదవులకి అందాయి.

ఈల అంత పెద్దదేం కాదు. మా వరుసకి వినిపించింది. చాలు.

బయటికొచ్చాక "ఎట్లుందిరా సినిమా?" అని అడిగాను. పెద్దాడు పెదవి విరిచి, "ఫస్టాఫ్ బాగుండాది పెద్నాయనా. సెకండాఫే సాగదీసినాడు" అన్నాడు! ఆ విమర్శ విని నాకెంత సంతోషమేసిందో ఏం చెప్పను! పోయిన ఏడాది వాడి దగ్గర మెట్ల కథ తప్ప సినిమా కథ లేదు.

ఇక మన వెండితెర సంగతి. మనవాళ్ళు ఈ విషయాన్ని ముట్టుకోలేదని అనలేం. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని జైపూర్ కాలితో మళ్ళీ నాట్యం చేసిన సుధాచంద్రన్ తన కథలో తానే నటించగా సింగీతం శ్రీనివాసరావు "మయూరి" తీశారు. 2016లో వంశీ పైడిపల్లి తీసిన "ఊపిరి"లో నాగార్జున చక్రాల కుర్చీలో కూర్చుని మెప్పించారు. ఆ చిత్రానికి మూలం 2011 నాటి ఫ్రెంచి చిత్రం. చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాం, చప్పట్లు కొట్టాం. మరి ఆ "ఊపిరి" ఆడుతున్న మన ఊరి హాలుకి ఆ కథానాయకుడే చక్రాల కుర్చీలో వచ్చి ఉంటే ఎక్కడ కూర్చోబెట్టేవాళ్ళం? అది మాత్రం మనకి తట్టలేదు. ఆ కథలో ఆయన కోటీశ్వరుడు, ఎత్తి దించడానికి కార్తి ఉన్నాడు. షిఫ్టు సూపర్‌వైజరు కొడుక్కి కార్తి ఎక్కడి నుంచి వస్తాడు?

మరోవైపు నత్తినీ, కుంటినీ చూపించి నవ్వించే కామెడీ ట్రాకులూ మనకి కొత్త కాదు. 2024 జులైలో ఓ హిందీ చిత్రం మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు చక్కని తేడా చెప్పింది. వైకల్యం ఉన్న మనిషిని చిన్నబుచ్చే హాస్యం వేరు, వైకల్యం గురించి మనకున్న అపోహలని పోగొట్టే హాస్యం వేరు అని. మన రచయితలు ఆ తీర్పు ఓసారి చదివితే బాగుండును. నన్నడిగితే, రెండో రకం హాస్యం నేర్చుకోవాలంటే మా చిన్నాడి దగ్గర నాలుగు రోజులు ఉంటే చాలు.

చట్టం లేదా అంటే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలని గుర్తించింది, మా పిల్లల జబ్బు కూడా అందులో ఉంది. ప్రజలు వినోదానికి వచ్చే భవనాలు, ప్రభుత్వానివయినా ప్రయివేటువయినా, అందరూ వెళ్ళగలిగేలా ఉండాలన్నది. పాత భవనాలని మార్చుకోవడానికి 2017 నాటి నియమాల నుంచి అయిదేళ్ళు గడువిచ్చింది. ఆ గడువు 2022లోనే తీరిపోయింది.

అయితే కోర్టులూ చట్టాలూ పెద్దల వ్యవహారం. మనం, అంటే టిక్కెట్టు కొని సినిమా చూసే మనం, ఏం చెయ్యగలమో అది చెప్పుకుందాం.

ఒకటి, ఎవరి కుర్చీనీ అడక్కుండా పట్టుకుని తొయ్యకండి. "సాయం కావాలా?" అని అడగండి. తల్లిని కాదు, కుర్చీలో ఉన్నవాణ్ణే అడగండి. వద్దంటే నవ్వి ఊరుకోండి. రెండు, హాలు ముందు వాలు దారి ఉంటే దాని మీద మీ బైకు పెట్టకండి. మూడు, హీరో రాగానే ఎగరండి, తప్పులేదు, కానీ ఎగిరే ముందు ఒక్కసారి వెనక్కి చూడండి.

నాలుగోది అభిమాన సంఘాల వారికి. మీరు నలభై అడుగుల కటౌట్లు కడతారు, సరుగుడు కర్రలు, పలకలు, మేకులు, రాత్రంతా జాగారం... మీకు తెలియని వడ్రంగం లేదు! ర్యాంపు లెక్క చాలా చిన్నది. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు. అంటే అరడుగు ఎత్తు మెట్లు మూడుంటే పద్ధెనిమిది అడుగుల వాలు చాలు. అంతకన్నా నిటారుగా వేస్తే కుర్చీ వెనక్కి జారుతుంది సుమా! పక్కన చెయ్యి పట్టుకోవడానికో కమ్మీ ఉండాలి. మీ హీరో రాబోయే పుట్టినరోజుకి హాలు యజమాని దగ్గరికి వెళ్ళి, "పాలాభిషేకం ఖర్చుతో ఈసారి ర్యాంపు కట్టిస్తాం, చివరి వరుసలో మూడు సీట్లు మీరు తీయించండి" అని అడిగి చూడండి. కటౌట్ వారం తిరిగితే విప్పేస్తారు. ర్యాంపు మీద మీ హీరో పేరు రాసుకోండి, ఏళ్ళ తరబడి ఉంటుంది!

అన్నట్టు, ఆ మూడో హాలు మేనేజరు మొన్న ఫోన్ చేశాడు. ఊడదీసిన మూడు సీట్లనీ మళ్ళీ బిగించలేదట. "అబ్బోళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారు సార్?" అని అడిగాడు.

ఆ మాట పెద్దాడికి చెప్పాను. వాడు క్యాలెండరు తీసి ఉగాది రిలీజులు లెక్కపెడుతున్నాడు.

మరి మీ ఊరి హాలుకి మెట్లెన్ని? ఈసారి వెళ్ళినప్పుడు లెక్కపెట్టి నాకు రాయండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.